ముందు వాళ్ల విస్తరి



2024 సెప్టెంబరు మొదటి వారాన్ని విజయవాడ మర్చిపోలేదు. బుడమేరు గట్టుకు గండ్లు పడి సెప్టెంబరు 1న సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీళ్లలో మునిగాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. బ్యారేజీ కట్టిన తర్వాత అంత వరద ఎన్నడూ రాలేదు. కింది వాటాలు మునిగి జనం మేడల మీదకు చేరారు. గ్యాసు లేదు, కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు.

ఊరంతా కదిలింది. కల్యాణ మండపాల్లో, గుళ్లలో, మసీదుల్లో, చర్చిల్లో, అపార్టుమెంట్ల సెల్లార్లలో పొయ్యిలు వెలిగాయి. పక్క జిల్లాల నుంచి పొట్లాలు వచ్చాయి. పడవల మీద, ట్రాక్టర్ల మీద, చివరికి డ్రోన్లతోనూ హెలికాప్టర్లతోనూ అన్నం పంపారు. ఆకలిగొన్నవాడిని చూసి ఊరుకోలేకపోవడం ఈ నేల గుణం. పక్క డెల్టాలో, లంకల గన్నవరంలో, డొక్కా సీతమ్మ గారు వేళకాని వేళ వచ్చినవాళ్లకు కూడా వండి పెట్టి, 1909లో కన్నుమూశారు. ఇవాళ మన బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టుకున్నాం.

అయితే సీతమ్మ గారి వంటింట్లో పొయ్యికీ విస్తరికీ మధ్య నాలుగడుగుల దూరం ఉండేది. వార్చిన అన్నం చల్లారకముందే ఆకులో పడేది. వరద రోజుల్లో ఆ దూరం ఎంతయింది? ఒక్క పొట్లం వెంట మనసులో నడిచి చూడండి. తెల్లవారుజామున మూడింటికి ఎసరు పెట్టారు. ఐదింటికి అన్నం దించి, వేడి మీదే సాంబారు కలిపారు. ఆవిరి పోకముందే పాలిథిన్ కవర్లలో పోసి మూతులు ముడివేశారు. కవరు లోపలి వైపు ఆవిరి చుక్కలు కట్టింది. వంద పొట్లాలు ఒక అట్టపెట్టెలో ఒకదాని మీద ఒకటి సర్దారు. పెట్టె లారీ ఎక్కి నీటి అంచుకు చేరింది. అక్కడ పడవ కోసం ఆగింది. సందుల్లో తిరిగి తిరిగి, ఒంటిగంటకో రెండింటికో ఒక మేడ మీదికి చేరింది. ఎనిమిది తొమ్మిది గంటలు. అంతసేపూ పెట్టె మధ్యలోని పొట్లం గోరువెచ్చగానే ఉంది. చేతికి వెచ్చగా తగిలితే తాజాగా ఉందనే అనుకుంటాం. క్రిములు పెరగడానికి కావలసింది ఆ గోరువెచ్చదనమే.

మేడ మీద ఆ పొట్లాన్ని ఎవరు విప్పుతారు? పాతికేళ్ల కుర్రాడు తింటే మహా అయితే కడుపులో నొప్పి, రెండుసార్లు విరేచనం. అదే పొట్లం ఎనిమిదో నెల గర్భిణి తినవచ్చు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషి తినవచ్చు. షుగరు ఉన్న డెబ్భై ఏళ్ల ముసలాయన తినవచ్చు. అందులోంచి నాలుగు మెతుకులు మెత్తగా పిసికి ఏడాది బిడ్డ నోట్లో పెట్టవచ్చు. కుర్రాడికి ఒక పూట ఇబ్బంది అయినది వీళ్లకు ఆసుపత్రి అవుతుంది, ఒక్కోసారి ప్రాణాపాయం అవుతుంది.

ఎంతమందికి పెట్టామని లెక్క రాసుకుంటాం. మనం పెట్టిన అన్నం తినేవాళ్లలో అందరికన్నా బలహీనులెవరని అడిగి, వాళ్లకు సరిపడేలా వండుతున్నామా? ఈ ప్రసంగంలో నేను మీ ముందు పెడుతున్న ప్రశ్న ఇదొక్కటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక అంచనా ప్రకటించింది. చెడిన ఆహారం వల్ల ఏటా 60 కోట్ల మంది జబ్బు పడుతున్నారు, 4,20,000 మంది చనిపోతున్నారు. ఆ చనిపోయేవాళ్లలో 1,25,000 మంది ఐదేళ్లు నిండని పిల్లలు. ప్రపంచ జనాభాలో ఆ వయసు పిల్లలు పదిమందిలో ఒకరు కూడా ఉండరు. చావుల్లో మాత్రం పదింట మూడు వాళ్లవే.

ముందు అన్నం సంగతి చెబుతాను, ఎందుకంటే మనం అన్నం మీద అనుమానపడం. మాంసం చెడుతుంది, చేప చెడుతుంది, పాలు విరుగుతాయి, అన్నానికేమవుతుంది అనుకుంటాం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు సహజంగానే ఉంటాయి. అవి మట్టిలోంచి వస్తాయి. అన్నం ఉడికినా ఆ బీజాలు చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని వదులుతాయి. వాంతులు చేయించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ‘మళ్లీ మరిగించాం కదా, ఏం కాదు’ అనేది బాగా నాటుకుపోయిన నమ్మకం. మరిగిస్తే క్రిమి చస్తుంది. అది అప్పటికే వదిలిన విషం ఉండిపోతుంది.

వంటవాళ్ల చేతి వేలికి తెగిన గాయం ఉన్నా, ముక్కు తుడుచుకుని అదే చేత్తో కలిపినా, స్టెఫిలోకాకస్ అనే మరో క్రిమి చేరుతుంది. దాని విషానిదీ అదే తీరు. ఇక పెద్ద డేగిసాల్లో వండిన మాంసం కూర. పైన చల్లారినట్టే ఉంటుంది, నడుమ గంటల తరబడి వెచ్చగా ఉంటుంది. గాలి తగలని ఆ నడుమ భాగంలో పెరిగే క్రిములు వేరే. అందుకే అంత కూరను దాచాలంటే వెడల్పాటి పళ్లాల్లో పలచగా పరిచి త్వరగా చల్లార్చాలి. డేగిసాతో పాటు మూలన పెట్టేసి మూత వేస్తే దాచినట్టు కాదు.

వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 32 డిగ్రీలు దాటిన వేడిలో అది ఒక్క గంటే అని అమెరికా వ్యవసాయ శాఖ సూత్రం. మనకు మార్చి నుంచి జూలై దాకా పగలు దాదాపు రోజూ 32 దాటుతుంది. రోహిణి కార్తెలో బెజవాడ ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. కాబట్టి మన లెక్క గంట. వేడిగా ఉంచదలిస్తే 60 డిగ్రీలకు పైన, అంటే మూత తీస్తే ఆవిరి పొగలు కక్కేలా ఉంచాలి. చల్లగా ఉంచదలిస్తే 5 డిగ్రీల లోపు ఉంచాలి. ఈ రెంటికీ నడుమ ఉండే వేడి ప్రమాదకరం.

మన పెద్దవాళ్లకు ఈ డిగ్రీల లెక్క తెలియదు గాని, అనుభవం ఉంది. దూర ప్రయాణానికి పులిహోర కట్టి ఇచ్చేవారు, సాంబారన్నం కట్టి ఇచ్చేవారు కాదు. చింతపండు పులుపులో చాలా క్రిములు తొందరగా పెరగలేవు. పెరుగు పులుపు కూడా అంతే. మళ్లీ వరద వస్తే, తుపాను వస్తే, పొట్లాలు కట్టేవాళ్లు ఈ పాత తెలివిని వాడుకోవాలి. పులుపు బాగా పట్టిన పులిహోర కట్టండి, పప్పన్నమూ సాంబారన్నమూ కట్టకండి. ఇంకా మంచిది, అన్నాన్ని పెద్ద గంగాళంలో మూత బిగించి పొగలు కక్కుతుండగానే నీటి అంచు దాకా తీసుకెళ్లి, పడవ ఎక్కించే ముందు పొట్లం కట్టడం. గంగాళంలో వేడి గంటల తరబడి నిలుస్తుంది, పావుకిలో పొట్లంలో నిలవదు. గర్భిణులు, చిన్నపిల్లలు, జబ్బు మనుషులు ఉన్న ఇళ్లకు అటుకులు, మరమరాలు, బెల్లం, బిస్కెట్లు, తొక్క తీయని అరటిపళ్లు, సీలు వేసిన నీళ్ల సీసాలు పంపండి. వండిన అన్నం అంత తృప్తిగా ఉండదు, నిజమే. కానీ వాళ్లకు అదే క్షేమం.

వరదలో పసిపిల్లల పాల సంగతి వేరే చెప్పాలి. సాయం చేసేవాళ్లు పాలపొడి డబ్బాలు, పాలసీసాలు ప్రేమతో పంచుతారు. పాలపొడిలో క్రిములు అసలే ఉండవని ఎవరూ హామీ ఇవ్వలేరు. పసిబిడ్డకు పోతపాలు కలపాలంటే మరిగించిన నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకముందే కలిపి, ఆ తర్వాత చల్లార్చి పట్టాలి, మిగిలినవి పారబోయాలి. గ్యాసు లేని మేడ మీద ఆ తల్లి నీళ్లు ఎక్కడ మరిగిస్తుంది? సీసా, పీక ఎక్కడ ఉడకబెడుతుంది? అందుకని తల్లి పాలిస్తూ ఉంటే ఆ పాలు ఆగిపోకుండా చూడటమే మొదటి సాయం. అంటే తల్లికి తిండి, నీళ్లు, కాస్త చాటు. పోతపాలు తప్పనిసరైతే సీసా వద్దు, మన ఉగ్గుగిన్నె మేలు. మూలలు లేని ఆ చిన్న గిన్నెను సబ్బుతో రుద్ది శుభ్రంగా కడగడం తేలిక. పాలపీక సందుల్లో ఇరుక్కున్న మీగడను ఏ వేలూ అందుకోలేదు. విపత్తుల్లో సీసా బదులు గిన్నెతో పట్టమని ప్రపంచ సంస్థలు చెబుతున్నది ఇప్పుడు. మన అమ్మమ్మల చేతిలో ఆ గిన్నె ఎప్పటి నుంచో ఉంది.

పసిబిడ్డల మాట వచ్చింది కనుక ఒక ఆచారం గురించి సూటిగా చెబుతాను. పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె చుక్క వేయడం మన ఇళ్లలో శుభమనుకుంటారు. ఏడాది నిండని బిడ్డకు తేనె ఇవ్వకూడదు. తేనెలో ఉండే ఒక రకం బీజాలు పెద్దవాళ్ల పేగుల్లో ఏమీ చేయలేవు. పసిపేగులో మొలకెత్తి, బిడ్డ కండరాలను చచ్చుబడేసే విషాన్ని వదలగలవు. అత్తగారు ముచ్చటపడి తేనె గిన్నె తెస్తే, ‘అత్తయ్యా, మొదటి పుట్టినరోజు నాడు మీ చేత్తోనే పెట్టండి’ అని కోడలు చెప్పవచ్చు. అందులో అమర్యాద ఏమీ లేదు.

ఇక గర్భిణి. కడుపులో బిడ్డను తన శరీరం కాదనకుండా మోయడానికి ఆమెలోని రోగనిరోధక వ్యవస్థ కొంత తీరు మార్చుకుంటుంది. దాని వల్ల కొన్ని క్రిములకు ఆమె సులువుగా లోనవుతుంది. వాటిలో లిస్టీరియా ఒకటి. అది ఫ్రిజ్ చల్లదనంలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది. మాయను దాటి బిడ్డను చేరుతుంది. తల్లికి చిన్న జ్వరం, ఒళ్లు నొప్పులు తప్ప ఏమీ తెలియకపోవచ్చు, గర్భం మాత్రం పోవచ్చు. 2017, 2018 సంవత్సరాల్లో దక్షిణాఫ్రికాలో తినడానికి సిద్ధంగా అమ్మే ఒక మాంసపు పదార్థం వల్ల ఈ జబ్బు వెయ్యి మందికి పైగా వచ్చింది, 200 మందికి పైగా చనిపోయారు. జబ్బు పడ్డవాళ్లలో పురిటి బిడ్డలే పెద్ద వాటా.

మన డెల్టాలో అంతకన్నా దగ్గరి శత్రువు నీళ్ల వెంట వచ్చే హెపటైటిస్ ఇ, అంటే ఒక రకం పచ్చకామెర్లు. మామూలు మనిషికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. గర్భిణికి చివరి మూడు నెలల్లో సోకితే నూటికి ఇరవై, ఇరవై ఐదు మంది దాకా చనిపోయే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. 2024 జూన్‌లో జగ్గయ్యపేట ప్రాంతంలో, 2025 సెప్టెంబరులో విజయవాడ న్యూ రాజరాజేశ్వరిపేటలో అతిసారం ప్రబలిన సంగతి విన్నారు. అది ఈ కామెర్ల జబ్బు కాదు. కానీ మన మంచినీళ్లను, మన వంటను కళ్లు మూసుకుని నమ్మే పరిస్థితి లేదని ఆ రెండూ చెప్పాయి. ఇంట్లో గర్భిణి ఉంటే కాచి చల్లార్చిన నీళ్లే వాడండి. తాగడానికే కాదు, పచ్చడిలో పోసే నీళ్లు, మజ్జిగలో కలిపే నీళ్లు, పళ్లు కడిగే నీళ్లు కూడా అవే. చెరుకు రసంలో వేసే ఐసు ఏ నీళ్లతో చేశారో బండివాడికే తెలియదు. కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు వద్దు, కాయ కొని ఇంట్లో కోసుకోండి.

పుట్టింటివాళ్లు చలిమిడి తెచ్చి ఒడి నింపుతారు. చాలా అందమైన వేడుక. తడిబియ్యం పిండిలో బెల్లం కలిపి చేసే పచ్చి చలిమిడి కన్నా, పాకం పట్టి పొయ్యి మీద కలిపే పాకం చలిమిడి మంచిది. పచ్చిపిండి ఉడకనిది, పైగా తడిది. పుట్టింటి ముచ్చట ఏమాత్రం తగ్గదు, అమ్మ ఇంకో అరగంట పొయ్యి దగ్గర నిలబడుతుంది, అంతే.

విజయవాడ ప్రభుత్వాసుపత్రి ఆవరణలోకి మధ్యాహ్నం వేళ వెళ్లండి. స్టీలు క్యారేజీలు కనబడతాయి. అవనిగడ్డ నుంచి, కోడూరు నుంచి, బందరు నుంచి పొద్దున్నే బస్సెక్కిన క్యారేజీలు. అడుగు గిన్నెలో అన్నం, దాని మీద పప్పు, పైన వేపుడు, చివరి గిన్నెలో పెరుగు. ఇంటి అన్నం తింటే మనిషి కోలుకుంటాడని నమ్మి, ఆ ఇల్లాలు చీకటితో లేచి వండింది. ఒడిలో పెట్టుకుని తెచ్చింది. ఆమె ప్రేమకు వంక పెట్టే అర్హత ఎవరికీ లేదు. కానీ ఆమె వండింది ఆరింటికి, రోగి తినేది ఒంటిగంటకి. మిగిలింది రాత్రికి ఉంచుతారు. ఆ మంచం మీద ఉన్నది కీమోథెరపీ ఎక్కించుకుంటున్న మనిషి కావచ్చు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలనిపిస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధన నుంచే మెథోట్రెక్సేట్ అనే మందు వచ్చింది. ఇవాళ ప్రపంచమంతటా కేన్సర్‌కి, కీళ్లవాతానికి దాన్ని వాడుతున్నారు. ఎన్ని లక్షల మందిని నిలబెట్టిందో చెప్పలేం. అలాంటి మందులు జబ్బుతో పాటు శరీరపు కాపలాను కూడా కొంతకాలం తగ్గిస్తాయి. డాక్టరు ఆ మందు రాసిచ్చిన రోజు నుంచి ఇంట్లో వంట పద్ధతి కూడా మారాలి. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు కూడా ఇదే వరుసలో ఉంటారు. మన ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ. కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బుతో ఎన్ని కుటుంబాలు నలిగిపోతున్నాయో మీరు విన్నదే.

ఆ క్యారేజీ తెచ్చే తల్లికి నా సలహా ఇది. అమ్మా, ఊరి నుంచి అన్నమూ పప్పూ తేకండి. కందిపొడి తెండి, నెయ్యి తెండి. తీరా భోజనం వేళకు ఆసుపత్రి దగ్గర పొగలు కక్కే అన్నం తీసుకుని, మీ చేతి పొడి కలిపి పెట్టండి. ఇంటి రుచీ అందుతుంది, అన్నమూ అప్పటిదే అవుతుంది. ఒక్క సంగతి, కిడ్నీ రోగికి ఉప్పు, పప్పు విషయంలో డాక్టరు మాటే వినాలి, ఆవకాయ సీసా మాత్రం ఇంటి దగ్గరే ఉంచండి. రాత్రికి మళ్లీ కొత్త అన్నమే. మధ్యాహ్నం మిగిలింది మీరు తినండి అని కూడా అనను. రోగిని చూసుకునే మనిషి పడిపోతే ఆ రోగికి ఇంకెవరు దిక్కు?

ఇప్పుడు మన ఊళ్లలో ఎక్కువవుతున్న ఇంకో వర్గం గురించి. పిల్లలు డల్లాస్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. ఇక్కడ అపార్టుమెంటులో ఇద్దరు ముసలివాళ్లు, ఒక్కోసారి ఒక్కరే. రెండు పూటలా వండుకునే ఓపిక లేదు. వీధి చివర కర్రీ పాయింట్ ఉంది. కుక్కర్లో గుప్పెడు బియ్యం పెట్టుకుని కూరా సాంబారూ కవర్లలో తెచ్చుకుంటారు. కర్రీ పాయింట్లు వేలమంది కడుపు నింపుతున్నాయి, వాటిని తిట్టడం నా ఉద్దేశం కాదు. కానీ అరవై దాటిన మనిషి కడుపులో ఆమ్లం వయసులో ఉన్నంత పదునుగా ఉండకపోవచ్చు. దాని మీద గ్యాస్ట్రిక్ అంటూ రోజూ పరగడుపున వేసుకునే పాంటాప్రజోల్ లాంటి బిళ్లలు ఉన్న ఆమ్లాన్ని ఇంకా తగ్గిస్తాయి. నోటి వెంట వచ్చే క్రిములను చంపే మొదటి కాపలా ఆ ఆమ్లమే. అవసరం లేకపోయినా ఏళ్ల తరబడి ఆ బిళ్లలు మింగుతున్నవాళ్లు ఒకసారి డాక్టరును అడగండి, సొంతంగా మాత్రం మానేయకండి.

కర్రీ పాయింట్ దగ్గర మొహమాటం వద్దు. ‘బాబూ, ఈ సాంబారు ఎన్నింటికి కాచావు?’ అని అడగండి. రోజూ వచ్చే మామ్మగారు రోజూ అడిగితే వాడు రెండు దఫాలుగా కాయడం మొదలుపెడతాడు. కవరులో వద్దని స్టీలు డబ్బా ఇవ్వండి. మధ్యాహ్నం తెచ్చినదే రాత్రికీ కావాలంటే, రాగానే సగం వేరే గిన్నెలోకి తీసి, కాస్త వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టండి. టేబుల్ మీద సాయంత్రం దాకా ఉంచి అప్పుడు ఫ్రిజ్‌లో పెడితే లాభం లేదు. తినే ముందు ఉడుకు పట్టేదాకా కాచండి, కాచినదాన్ని మళ్లీ లోపల పెట్టకండి. కొబ్బరి పచ్చడి ఏ పూటది ఆ పూటే. కరెంటు గంటల తరబడి పోయిన రోజున ఫ్రిజ్‌లోని పాలూ కూరలూ చూసి జాలిపడకండి, తీసేయండి. అన్నం పారేయడం పాపమని పెరిగిన తరం అది, నాకు తెలుసు. తక్కువ వండుకోండి, తక్కువ తెచ్చుకోండి. ఆసుపత్రి మంచం మీద గడిపే వారం రోజుల కన్నా ఒక గరిటె కూర పోవడం మేలు.

ఒక్క మాట వంట చేసే చేతుల గురించి. బడిలో, హాస్టల్లో, అంగన్‌వాడీలో వండే ఆడవాళ్ల మీద మనం శుభ్రతా సూత్రాలు చదువుతాం. గోళ్లు తీసుకో, సబ్బుతో కడుక్కో, జుట్టుకు గుడ్డ కట్టుకో. అవన్నీ అవసరమే. కానీ విరేచనాలు పట్టుకున్న రోజు ఆమె వంటకు రాకూడదన్నది వాటన్నిటికన్నా ముఖ్యం. రాకపోతే ఆ రోజు డబ్బు పోతుందంటే ఆమె వస్తుంది. మధ్యాహ్న భోజనం వండేవాళ్ల గౌరవ వేతనాన్ని మన రాష్ట్రంలో 2019లో నెలకు 3,000 రూపాయలకు పెంచారు, రోజుకు నూరు రూపాయలన్నమాట. అందులోంచి మూడు రోజులు కోసుకోమని ఏ తల్లినీ అడగలేం. ఒంట్లో బాగాలేని రోజు డబ్బు తెగకుండా సెలవు, బదులు ఇంకో మనిషి, ఈ రెండూ ఇవ్వకుండా పిల్లల అన్నం క్షేమంగా ఉండాలనడం న్యాయం కాదు. హోటలు యజమానులకూ కేటరింగ్ వాళ్లకూ ఇదే మాట చెబుతున్నాను.

ఇంత జాగ్రత్తపడ్డా ఎప్పుడైనా వాంతులు, విరేచనాలు మొదలైతే వెంటనే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టండి. 1971లో బెంగాల్ సరిహద్దులో, బనగావ్ శరణార్థి శిబిరంలో, సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో నింపి తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న కలరా చావులు నాలుగు లోపుకు దిగాయి. ఆ మందే ఇవాళ మన ఆశా కార్యకర్త సంచిలో ప్యాకెట్‌గా ఉంది. ఒక లీటరు ప్యాకెట్‌ను ఒక లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కలపకూడదు. అయితే బలహీనుల విషయంలో ఇంట్లోనే ఆగిపోకండి. గర్భిణికి జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, పసిబిడ్డ పాలు తాగకపోయినా, ముసలివాళ్లకు మూత్రం తగ్గినా, మాట తడబడినా, విరేచనంలో రక్తం కనబడినా తెల్లారేదాకా ఎదురుచూడవద్దు. కీమో తీసుకుంటున్న మనిషికి జ్వరం వస్తే, అది రాత్రి రెండు గంటలైనా, డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే.

చివరిగా, మన పెళ్లిళ్ల గురించి, శుభకార్యాల గురించి. మన వైపు భోజనాలు బంతులు బంతులుగా సాగుతాయి. మొదటి బంతిలో వియ్యాలవారు, పెద్దమనుషులు, దూరం నుంచి వచ్చిన చుట్టాలు. ఇంటి ఆడవాళ్లు ఆఖరి బంతి. వాళ్లలో కడుపుతో ఉన్న కోడలూ ఉంటుంది, అందరి మర్యాదలూ చూసి చూసి చివరికి కూర్చుంటుంది. ఆ పిల్లను మొదటి బంతిలో కూర్చోబెట్టడానికి ఏ శాస్త్రమూ అడ్డు రాదు. ఆ తర్వాత పనివాళ్లు తింటారు. ఇంకా మిగిలిపోతే, రాత్రి పదకొండింటికి ఎవరో ఒకరు ‘పాపం, ఆశ్రమానికి పంపండిరా’ అంటారు. మంచి మనసుతోనే అంటారు. పొద్దున వండినది, నాలుగు బంతులకు గరిటెలు పడినది, అప్పటికి చల్లారిపోయిన బిర్యానీ, పన్నీరు కూర ఆటో ఎక్కుతాయి. వెళ్లేది ఎక్కడికి? ముసలివాళ్లు, తల్లిదండ్రులు లేని పిల్లలు, జబ్బు మనుషులు ఉండే చోటికి. ఊళ్లో అందరికన్నా బలహీనులకు, ఊళ్లో అందరికన్నా పాత అన్నం అందుతుంది.

2024 ఆగస్టులో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఒక ప్రైవేటు వసతి గృహంలో సమోసాలు తిన్న పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కొందరు చిన్నారులు చనిపోయారు, చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ సమయంలోనే నూజివీడు ట్రిపుల్ ఐటీలో వందల మంది విద్యార్థులు అస్వస్థులయ్యారు. ఆ వందల మంది కోలుకున్నారు. కైలాసపట్నం పసివాళ్లు కొందరు కోలుకోలేకపోయారు. బలవంతుడికీ బలహీనుడికీ మధ్య తేడా అదే.

మిగిలిన అన్నం పంచకూడదని చట్టం చెప్పలేదు. మిగులు ఆహారాన్ని ఎలా సేకరించాలి, ఎంత వేడిలో ఉంచాలి, ఎలా పంచాలి అని జాతీయ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. డేగిసాలో గరిటె పడకముందే పక్కన పెట్టినది, వేడి తగ్గనిది, ఎప్పుడు వండారో తెలిసినది అయితే పంపవచ్చు. విస్తళ్ల దగ్గర తిరిగి వచ్చిన బకెట్లలోది పంపవద్దు.

మీ ఇంట్లో ఈ శ్రావణంలోనో వచ్చే మాఘంలోనో శుభకార్యం ఉంటే ఇలా చేయండి. ముహూర్తం నిశ్చయమైన వారంలోనే దగ్గర్లోని వృద్ధాశ్రమానికో పిల్లల శరణాలయానికో ఒకసారి వెళ్లండి. అక్కడ ఎందరున్నారో, వాళ్లలో పళ్లు లేనివాళ్లు, షుగరున్నవాళ్లు ఎందరో, మధ్యాహ్నం ఎన్నింటికి తింటారో అడగండి. ఆ వేళ మీ వంట మేస్త్రీకి చెప్పండి. ‘మేస్త్రీ గారూ, వాళ్ల గంగాళం ముందు దించండి’ అనండి. మెత్తని అన్నం, పప్పు, ఒక కూర, నేతి మిఠాయి, మూత బిగించి, మొదటి బంతికి విస్తళ్లు పరచకముందే ఆటో ఎక్కించండి. మీ ఇంటి కుర్రాడొకడు వెంట వెళ్లి, వాళ్లు చేతులు కడుక్కుని కూర్చున్నాక వడ్డించి రావాలి.